దీనమ్మ మణికట్టు

దయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. ఆ మాటకొస్తే ప్రేరణ అనేది ఒకటుందని కూడా నమ్మలేదు. నా దృష్టిలో రెండూ ఒకే తానులో ముక్కలు. చూశామని చెప్పేవాళ్లే తప్ప, రెక్క పట్టుకుని తీసుకొచ్చి చూపించినవాళ్లు లేరు.

నేను శిల్పిని. గుంటూరు ఊరి చివర ఒక రేకుల షెడ్డులో పాతికేళ్లుగా మట్టి పిసుకుతున్నాను. ఆడవాళ్లు కూడా విగ్రహాలు చేస్తారా అని అడిగేవాళ్లతో, మగవాళ్లు చేసినవి చూశాక ఎవరో ఒకరు చెయ్యాలి కదండీ అంటాను. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, కింద రాసింది చదివి ఈవిడెవరో కలల్లో తేలే మనిషి అనుకుంటారేమోనని. నేను తేలను. నా కాళ్లకి ఎప్పుడూ మట్టే ఉంటుంది.

ఒకసారి బొమ్మలు నేర్చుకునే కాలేజీ పిల్లలు కొందరు షెడ్డు చూడటానికి వచ్చారు. అందులో ఒకమ్మాయి, మీకు ప్రేరణ ఎక్కడి నుంచి వస్తుంది మేడమ్ అని అడిగింది. "ప్రత్తిపాడు నుంచి, పొన్నూరు నుంచి, చీరాల నుంచి వస్తుందమ్మా. కారేసుకుని వస్తుంది. కాఫీ ఇస్తే తాగి, అడ్వాన్సు ఇచ్చి పోతుంది" అన్నాను. పిల్లలు నవ్వారు. నేను నవ్వించడానికి అనలేదు. నిజంగానే అలా అనుకునేదాన్ని.

నా పని గురించి కాస్త చెప్పాలి. మా వైపు చచ్చిపోయిన అమ్మానాన్నలకి విగ్రహం చేయించి పొలంలో పెట్టుకోవడం మామూలైపోయింది. మీరు బస్సులో పోతూ ఉంటే మిరప చేల మధ్య చిన్న మండపం, అందులో తెల్ల చొక్కాతో ఓ పెద్దాయన, పక్కన పెద్దావిడ కనపడతారు కదా. అలాంటివాటిలో కొన్ని నావి. బతికుండగా ఆయనకి వాచీ కొనివ్వని కొడుకులు విగ్రహానికి మాత్రం వాచీ పెట్టమంటారు. పొట్ట తగ్గించమంటారు. మెడలో ఒక్క పూస లేకుండా పోయిన తల్లికి నాలుగు పేటల గొలుసు వెయ్యమంటారు. వేస్తాను. నాదేం పోయింది, మట్టేగా.

పద్ధతి ఏమిటంటే, ముందు ఇనప చువ్వలు, బైండింగ్ వైరుతో అస్థిపంజరం కడతాను. దాని మీద బంకమట్టి వేసి మనిషిని తీస్తాను. రోజూ పని అయ్యాక మట్టి ఎండిపోకుండా తడిగుడ్డలు చుట్టి, పైన ప్లాస్టిక్ పట్టా కప్పి, తాడు కడతాను. మట్టి బొమ్మ పూర్తవుతుండగా ఇంటివాళ్లని పిలిచి చూపిస్తాను. పోలిక కుదిరింది అని వాళ్లంటేనే మస్తాన్ మేస్త్రి వచ్చి ప్లాస్టర్ పోసి మోల్డు తీస్తాడు. ఆ మోల్డులోంచి ఫైబర్ విగ్రహం వస్తుంది. మట్టి బొమ్మ అక్కడితో ముగిసినట్టే. ఆ మట్టి మళ్లీ తొట్లో పడుతుంది, ఇంకో మనిషి అవుతుంది.

భంగిమ కోసం ఎవరినీ వెతకను. షెడ్డులో నిలువుటద్దం ఉంది. దాని ముందు నేనే నిలబడి, కూర్చుని, చెయ్యెత్తి చూసుకుంటాను. పెద్దమనుషుల దర్జా కూడా నేనే పోతాను. ఆ సమయంలో ఎవరైనా చూస్తే ఈవిడకేదో పట్టింది అనుకుంటారు. పట్టడం అనే మాట మీద నాకున్న నమ్మకం అంతవరకే.

కిందటేడు మిరప కోతలు జోరు మీదున్న రోజుల్లో ప్రసన్న వచ్చింది. ప్రత్తిపాడు అవతల ఒక పల్లె ఆమెది. హైస్కూల్లో సోషల్ టీచరు. కారులో రాలేదు. ఆటో దిగి, దుమ్ము దులుపుకుని, చెప్పులు బయట విడిచి లోపలికొచ్చింది. చెప్పులు విడవద్దమ్మా, ఇదేం గుడి కాదు, వైరు ముక్కలు గుచ్చుకుంటాయి అన్నాను. మేము గుడికి పోమండి, చర్చికి పోతాం, అక్కడా విడుస్తాం అంది. మనిషి నచ్చింది.

వాళ్లమ్మ పేరు దీనమ్మ. బతుకంతా కూలిపనే. పత్తి తీతలు, పొగాకు పనులు, అన్నిటికన్నా ఎక్కువ మిరప కోతలు. అలా చేసే ప్రసన్ననీ తమ్ముడినీ చదివించింది. పోయి మూడేళ్లు కావస్తోంది. సంవత్సరీకపు ప్రార్థన కూడిక నాటికి ఇంటి ముందు ఆమె విగ్రహం పెట్టాలని ప్రసన్న కోరిక.

ఫోటో అడిగితే ఆధార్ కార్డు తీసింది. అంతకు మించి లేదట. పెళ్లిళ్లలో ఫోటోకి నిలబడమంటే దీనమ్మ ఎవరో ఒకరి వెనక్కి పోయేదట. కార్డు మీద ఫోటో ఎలా ఉంటుందో మీకు తెలుసు. అందులో మనుషులందరూ ఏదో నేరం ఒప్పుకుంటున్నట్టు ఉంటారు.

"ఇది పెట్టుకుని మొహం ఎట్లా తియ్యమంటావమ్మా? ముక్కు ఎక్కడ మొదలైందో కూడా తెలియట్లేదు. నువ్వు చెప్పు, ఎలా ఉండేది?" అన్నాను.

ప్రసన్న కార్డు నా చేతిలోంచి తీసుకుని చూసింది. తర్వాత అంది, "అదే వచ్చిన చిక్కు మేడమ్. గొంతు గుర్తుంది. తిట్టిన తిట్లు గుర్తున్నాయి. మొహం మాత్రం రావట్లేదు. కళ్లు మూసుకుంటే ఈ కార్డే వస్తోంది."

విగ్రహం ఊరికి చూపించుకోవడానికి కాదని అప్పుడర్థమైంది నాకు. ఊరు ఎలాగూ నవ్వుతోంది. "దీనమ్మకి విగ్రహమంట. ఏ ఎకరంలో పెడతారో" అని టీ కొట్టు దగ్గర అన్నారట. చర్చి సంఘంలో పెద్దలు కొందరు, మనకి ప్రతిమలేంటమ్మా అన్నారట. పూజకి కాదయ్యా, గుర్తుకి అని ఈమె వాదిస్తే, దండ వెయ్యకూడదు, దీపం పెట్టకూడదు అని పాస్టరుగారు తేల్చారట. ఇన్ని మాటలు పడి ఈ పిల్ల నా దగ్గరికి వచ్చింది ఒక్కదానికి. అమ్మ మొహం ఇంకోసారి చూడాలి.

నేను మాట ఇవ్వలేదు. ప్రయత్నిస్తానన్నాను.

"కుర్చీలో కూర్చోబెట్టి ఒళ్లో చేతులు పెట్టకండి మేడమ్. మా అమ్మ అట్లా ఎప్పుడూ కూర్చోలేదు. పనిలో ఉన్నట్టు చెయ్యండి" అని మాత్రం చెప్పి వెళ్లింది.

సరేనని నడుం నుంచి పైకి, మనిషి సైజులోనే మొదలుపెట్టాను. చీర మీద మగవాళ్ల పాత చొక్కా, తలకి తువ్వాలు. కోతలకి వెళ్లే ఆడవాళ్లందరి వేషమూ అదే. ఎడమచెయ్యి కోసిన కాయలు వేసుకోవడానికి నడుముకి కట్టిన ఒడిని పట్టుకుని ఉంటుంది. కుడిచెయ్యి ఎత్తి, వేళ్లతో నుదుటి మీద చెమట తుడుచుకుంటూ ఉంటుంది. ఆ భంగిమ అద్దం ముందు నిలబడి నేనే తీసుకున్నాను. నాకది బాగా నచ్చింది. కష్టం కనపడుతుంది, మొహం మీద నీడ పడుతుంది. బొమ్మ అంటే అలా ఉండాలి అని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

మొహానికి ప్రసన్న మొహంలోంచి కొంత, ఆధార్ కార్డులోంచి కొంత, వాళ్ల తమ్ముడి ఫోటోలోంచి కొంత తీసుకున్నాను. ఎముక అబద్ధం చెప్పదు. పిల్లల దవడల్లో తల్లి దవడ ఉంటుంది. దాన్ని వెతకడమే నా పని.

మొదటిసారి చూపించినప్పుడు ప్రసన్న చుట్టూ తిరిగి చూసింది. "బాగుందండి. అమ్మ కాదు" అంది.

ఏం తేడా అంటే తెలీదంది. ముక్కా అంటే తెలీదు. నోరా అంటే తెలీదు. ముక్కు తెలీదు, నోరు తెలీదు, అమ్మ కాదని మాత్రం తెలుసా అన్నాను కాస్త గట్టిగానే. తెలుసండి అంది అంతే గట్టిగా.

దవడలు దించాను, కళ్ల కింద సంచులు పెంచాను, పెదవి సన్నం చేశాను. రెండోసారి వచ్చి చూసింది. "ఇంకా బాగుందండి. కానీ మా పక్కింటి మార్తమ్మత్తలా ఉంది."

"మార్తమ్మత్త వచ్చి అడిగినప్పుడు ఆమెకిద్దాంలే" అన్నాను. ఆ పిల్ల నవ్వలేదు. గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ కళ్లు తుడుచుకుంది. ఎందుకన్నానా అనిపించింది, కానీ అన్న మాట తొట్లో వేసే మట్టి కాదు కదా.

ఇక్కడిదాకా ఏమీ లేదు. ఇలాంటివి మా పనిలో రోజూ ఉండేవే.

ఆ మర్నాడు పొద్దున షెడ్డు తాళం తీసి, తాడు విప్పి, పట్టా, గుడ్డలు తీశాను. కుడిచెయ్యి నుదుటి మీద లేదు.

కిందికి దిగి ముందుకొచ్చి ఉంది, గడ్డం ఎత్తులో. మణికట్టు దగ్గర మడిచి, వేళ్లు లోపలికి ముడుచుకుని, చేతి వెనకవైపు మన వైపు తిరిగి ఉంది. ఎదురుగా ఉన్నవాళ్ల చెంపని చేతి వెనకతో తాకబోతున్నట్టు.

నేను కంగారు పడలేదు. తిట్టుకున్నాను. తడి ఎక్కువై చువ్వ బరువుకి వంగితే ఎత్తిన చెయ్యి కిందికి జారుతుంది. అది సైన్సు, ఎన్నోసార్లు చూశాను. అయితే జారిన చెయ్యి పగుళ్లిస్తుంది, మోచెయ్యి దగ్గర మట్టి ఊడుతుంది. ఇక్కడ ఒక్క పగులు లేదు. పైగా చెయ్యి దిగడం వరకు సైన్సే, మరి మణికట్టు తిరిగి వేళ్లు ముడుచుకోవడం ఏ సైన్సో నాకు తెలియలేదు. తెలియకపోతే పోయింది, పని ఆగదు. కటింగ్ ప్లేయర్ తీసుకుని, రెండు చేతులా బలం పెట్టి, లోపలి వైరు వంచి చేతిని మళ్లీ నుదుటికి చేర్చాను. చెమట పట్టింది. ఆ వైరు వంచడం అంత తేలిక కాదని అందుకే రాస్తున్నాను.

మర్నాడు మళ్లీ దిగి ఉంది. అదే మడత, అదే తిరుగుడు.

ఇప్పుడు కోపం వచ్చింది. షెడ్డు రెండో తాళం చెవి మస్తాన్ మేస్త్రి దగ్గర ఉంటుంది. నాకంటే పదేళ్లు పెద్దవాడు, నాతో సమానంగా వాదిస్తాడు. ఫోన్ చేసి నిలదీశాను.

"నేనొచ్చి చెయ్యి తిప్పిపోతానా అమ్మగారూ? నాకు మా ఇంటావిడ చెయ్యి తిప్పే ధైర్యమే లేదు, మీ బొమ్మ చెయ్యి తిప్పుతానా?" అన్నాడు.

"మరెవరు తిప్పారు?"

"మీరే తిప్పుంటారు. పనిలో పడితే మీకు ఒంటి మీద సోయుండదు."

ఆ మాట నేను కొట్టిపారెయ్యలేదు. అందుకే సాయంత్రం కొత్త తాళం కొని వేశాను, చెవి ఒక్కటే నా దగ్గర ఉంచుకున్నాను. చెయ్యి మళ్లీ నుదుటికి ఎత్తి, తాడు ముడి నా పద్ధతిలో వేసి ఫోన్‌లో ఫోటో తీశాను. మా ఇల్లు షెడ్డుకి దగ్గరేం కాదు. నిద్రలో నడిచేదాన్నయినా ఆటో మాట్లాడుకుని రావాలి.

పొద్దున ముడి ఫోటోలో ఎలా ఉందో అలాగే ఉంది. లోపల చెయ్యి దిగి ఉంది.

మళ్లీ ఎత్తాను. నా మొండితనం గురించి మా వాళ్లని అడగండి, చెబుతారు. నా బొమ్మ మీద ఇంకొకరి చెయ్యి పడితే ఊరుకునేదాన్ని కాదు, ఆ ఇంకొకరు ఎవరైనా సరే.

ఆ రోజు మాత్రం కప్పిపెట్టి ఇంటికి పోకూడదనుకున్నాను. ఎదురుగా కూర్చుని పని చేస్తూ ఉంటే ఎలా తిరుగుతుందో చూద్దామనుకున్నాను. పట్టపగలు. రేకుల మీద ఎండ దంచుతోంది, రెండు ఫ్యాన్లూ తిరుగుతున్నాయి, రోడ్డు మీద మిరపకాయల గోతాలు వేసుకుని లారీలు పోతున్నాయి. దయ్యాల కథకి ఇంత పనికిరాని వేళ ఇంకోటి ఉండదు.

కనురెప్పలు సరిచేస్తున్నాను. అప్పుడు తుమ్ములు మొదలయ్యాయి. ఘాటు. ఆ నెలల్లో గుంటూరులో ఘాటు వింతేం కాదు, గాలి అటు నుంచి తిరిగితే ఊరంతా తుమ్ముతుంది. ముక్కు కారింది, కన్ను దురద పెట్టింది. అప్పటిదాకా ఊతకి బొమ్మ అరచెయ్యి పట్టుకుని ఉన్న వేళ్లతోనే కన్ను నులుముకున్నాను.

నిప్పు పెట్టినట్టయింది.

గుంటూరు మనిషికి ఈ మంట ఎవరూ పరిచయం చెయ్యక్కర్లేదు. ఎండు మిరపకాయ తొడిమలు తీసిన చెయ్యి పొరపాటున కంటికి తగిలితే వచ్చే మంట. వేరే ఏ మంటా ఇలా ఉండదు. కానీ ఆ రోజు నేను మిరపకాయ ముట్టుకోలేదు. పొద్దున తిన్నది ఇడ్లీ, అదీ చట్నీ లేకుండా పంచదారతో. మట్టికి చుట్టినవి మిరపకాయల గోతాలేమో అని తర్వాత చూశాను. కావు, అవి నా పాత నూలు చీర ముక్కలు. షెడ్డు ఒకప్పుడు మిరప గోదాము కూడా కాదు, సైకిళ్లు బాగుచేసేవాళ్లది. అదే తొట్టి మట్టితో పక్క స్టాండు మీద పొన్నూరు రైసుమిల్లు ఆయన తల నిలబడి ఉంది. తర్వాత ఆయన్ని తడిమిన చేత్తో కావాలనే రెండో కన్ను నులుముకుని చూశాను. ఏమీ కాలేదు.

అవన్నీ తర్వాత. అప్పుడు మాత్రం కళ్లు మూసుకుని గోడ వెంట తడుముకుంటూ కుళాయి దగ్గరికి పోయాను. నీళ్లు కొట్టుకుంటూనే ఉన్నాను. బొమ్మకి నా వీపు. షెడ్డు తలుపు వేసి ఉంది, లోపలి గడియ నేనే పెట్టాను.

మొహం తుడుచుకుని తిరిగి చూశాను. చెయ్యి దిగి ఉంది.

ఇక్కడ మీరు భయపడ్డానని రాస్తాననుకుంటారు. భయం కాదది. చిన్నప్పుడు మా నాన్న ఒకసారి నన్ను పత్తి మిల్లుకి తీసుకెళ్లాడు. లోపల పత్తి కొండలా పోసి ఉంది. దాని అడుగున నిలబడ్డాను. అంత తెలుపు ఎప్పుడూ చూడలేదు. మిల్లు చప్పుడంతా ఆ పత్తి తాగేసినట్టయి, నా చెవుల్లో నా ఊపిరి ఒక్కటే వినపడింది. నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయాను. మళ్లీ అలా నిలబడింది ఈ వయసులో, నా షెడ్డులో, నేను చేసిన బొమ్మ ముందే.

ఒంటికన్నుతో దగ్గరికెళ్లి చూశాను. శిల్పిగా చూశాను, నాకు వేరే చూపు లేదు కదా. మణికట్టు దగ్గర చర్మం సన్నగా ముడతలు పడి ఉంది. వేళ్ల కణుపుల వెనక నరాలు తేలి ఉన్నాయి. చెయ్యి ఎత్తితే అవి అంతగా తేలవని అవన్నీ నేను అసలు తియ్యనేలేదు. మట్టి మీద ఎవరు పని చేసినా గుర్తు ఉంటుంది. పుల్ల గీత ఉంటుంది, వేలిముద్ర ఉంటుంది. నా బొమ్మల మీద నా బొటనవేలు ఎక్కడ పడిందో నేను చెప్పగలను. ఈ చేతి మీద ఏ గీతా లేదు, ఏ ముద్రా లేదు. తడిగా, అప్పుడే పని ఆపి విశ్రాంతి తీసుకుంటున్నట్టు ఉంది.

ఒప్పుకోవడానికి కష్టంగా ఉన్న సంగతి ఇంకోటి ఉంది. ఆ చెయ్యి నా పనికంటే బాగుంది. పాతికేళ్లలో నేను అలాంటి చెయ్యి తియ్యలేదు.

ప్లేయర్ పక్కన పెట్టేశాను. ప్రసన్నకి ఫోన్ చేశాను. ఇంకోసారి వచ్చి చూడమ్మా అన్నాను తప్ప ఇంకేమీ చెప్పలేదు. మొహం మీద ఆ తర్వాత పుల్ల కూడా పెట్టలేదు. మార్తమ్మత్త అని ఆమె పేరు పెట్టిన మొహమే అది. రెప్పల దగ్గర కాస్త తడిపి నున్నచేశాను, అంతే.

ఆదివారం ఆరాధన అయ్యాక తెల్లచీరలోనే వచ్చింది. నేను గుడ్డలు తీసి పక్కకి జరిగాను. ఈసారి చుట్టూ తిరగలేదు. గుమ్మం దగ్గర్నుంచి సరాసరి నడిచి వచ్చి, కాస్త వంగి, తన చెంప తీసుకెళ్లి ఆ మట్టి చేతి వెనకవైపుకి ఆనించింది. ఆ ఎత్తు తనకి అలవాటైనట్టు ఆనించింది. అలాగే ఉండిపోయింది.

లారీల చప్పుడు వినపడుతూనే ఉంది.

లేచాక చెంప మీద మట్టి మరక. తుడుచుకోలేదు.

"మీకెవరు చెప్పారండి?" అంది.

"ఏం చెప్పారు?"

"కోతలప్పుడు అమ్మ మమ్మల్ని వేళ్లతో ముట్టుకునేది కాదండి. కారం చేతులు కదా, ఎంత కడిగినా పోదు. తమ్ముడు పాలు తాగే అప్పుడు ఒకసారి మర్చిపోయి వాడి బుగ్గ నిమిరిందంట. వాడు గుక్కపెట్టి ఏడ్చాడంట. ఇంక అంతే, కోతలు లేనప్పుడు కూడా ఇట్లాగే, చేతి వెనకతో. జొరం చూసినా ఇట్లాగే. ముద్దు చేసినా ఇట్లాగే. నేను ఉద్యోగంలో చేరిన రోజు కూడా ఇట్లాగే."

చెప్పి నా వైపు తిరిగింది. "నేను మీకు చెప్పలేదు కదా మేడమ్. ఎట్లా చెబుతాను? ఇప్పుడు చూసేదాకా నాకే గుర్తులేదు."

నేను బొమ్మ నుదుటి వైపు చూశాను. వేళ్లతో నుదురు తుడుచుకునే మిరప కూలిని ఈ జిల్లాల్లో ఎవరూ చూసి ఉండరని అప్పుడు తట్టింది. తుడుచుకుంటే జబ్బతో తుడుచుకోవాలి. నా అద్దంలో ఉన్నది మట్టి పిసకడమే తప్ప మిరప కొయ్యని చెయ్యి. ఆ తప్పుని రోజూ పొద్దున్నే ఎవరో దిద్దిపోతుంటే, నేను రోజూ ప్లేయర్‌తో మళ్లీ తప్పు చేస్తూ వచ్చాను.

"మరి మొహం?" అని అడిగాను.

ప్రసన్న చూసింది. ఈసారి ఆ మొహం వైపు తడుముకోకుండా చూసింది. "అమ్మే కదండీ" అంది. మొదటినుంచీ అదే మాట అంటున్నట్టు.

నాకు ఇంకోటి అడగాలనిపించింది. "చెంప మండుతోందా అమ్మా?"

"ఎందుకు మండుద్దండీ?" అంది. అరచెయ్యి కాదు కదా, చేతి వెనక కదా అని ఆ చూపులోనే ఉంది.

తర్వాత మస్తాన్ వచ్చి మోల్డు తీశాడు. పని మొదలుపెట్టే ముందు బొమ్మ ఎదురుగా నిలబడి చాలాసేపు చూశాడు. "ఈ చెయ్యి మీది కాదమ్మగారూ" అన్నాడు. మీ పనితనం నాకు తెలీదా అన్నట్టు అన్నాడు. మామూలుగా అయితే ఆ మాటకి గొడవ పెట్టుకునేదాన్ని. అవును మేస్త్రీ, నాది కాదు అన్నాను. అతను ప్లాస్టర్ కలపడం మొదలుపెట్టాడు. ఇన్నేళ్లలో మేమిద్దరం గొడవ లేకుండా చేసిన మోల్డు అదొక్కటే.

మట్టి విప్పి మళ్లీ తొట్లో వేశాం. దాంతో తర్వాత చీరాల వైపు నుంచి వచ్చిన ఒక మాజీ సర్పంచ్‌ని చేశాను. వాచీతో సహా. ఆయన చెయ్యి పెట్టినచోటే ఉంది.

నాలో వాదించే మనిషి ఊరుకోలేదు, ఈ రోజుకీ ఊరుకోదు. నేను ఈ ఊళ్లో పుట్టి పెరిగినదాన్ని. చిన్నప్పుడు ఏ కల్లంలోనో ఏ తల్లో బిడ్డని చేతి వెనకతో నిమరడం చూసే ఉంటాను. అది లోపలెక్కడో పడి ఉండి, నాకు తెలియకుండా నా చేతుల్లోంచి బయటికొచ్చి ఉంటుంది. దాన్నే పిల్లలు ప్రేరణ అంటారు కాబోలు. సరే, ఒప్పుకుందాం. మరి గడియ పెట్టిన గదిలో, నేను కుళాయి దగ్గర కళ్లు కడుక్కుంటుంటే, నా చేతులు రెండూ నా మొహం మీద ఉంటే, ఆ మణికట్టు ఏ చేతులు తిప్పాయి? అక్కడికొచ్చేసరికి నా వాదన ఆగిపోతుంది.

సంవత్సరీకపు కూడిక నాడు వాళ్ల పల్లెకి వెళ్లాను. ఇంటి ముందు చిన్న సిమెంటు దిమ్మె మీద దీనమ్మ నిలబడి ఉంది. పాస్టరుగారు ప్రార్థన చేశారు. దండ లేదు, దీపం లేదు. ముసుగు తీశాక ఏం చెయ్యాలో ఎవరికీ తెలియలేదు. ఊళ్లోంచి వేడుక చూడటానికి వచ్చినవాళ్లు రోడ్డు మీదే నిలబడ్డారు.

అంతలో కోతలకి వెళ్లిన ఆడవాళ్లు ట్రాలీ ఆటో దిగి వచ్చారు. మొహాలు కడుక్కోలేదు, తలకి చుట్టిన తువ్వాళ్లు విప్పలేదు. వాళ్లలో పెద్దావిడ ముందుకొచ్చి బొమ్మ వైపు చూసి, "వచ్చావా దీనమ్మా" అంది. చెయ్యి ఎత్తి, మణికట్టు మడిచి, చేతి వెనకవైపుతో దాని చెంప తాకి పక్కకి తప్పుకుంది. వెనకాల ఇంకొకావిడ. ఆ వెనకాల ఇంకొకావిడ. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. కారం చేతులతో అమ్మలైనవాళ్లు అందరూ అలాగే తాకారు.

ప్రసన్న నా మోచెయ్యి పట్టి ముందుకి తోసింది. మీరూ రండి మేడమ్ అంది. నా చేతులు శుభ్రంగా ఉన్నాయి. ఆ పూట నేను మట్టి కూడా ముట్టుకోలేదు. వేళ్లతో తాకుదామనే చెయ్యి చాచాను, అది మాత్రం నాకు బాగా గుర్తు.

చెంప దాకా వెళ్లేసరికి నా చెయ్యి తిరిగింది.

నేను తిప్పలేదు.